దుత్త పగలకుండా కోపాన్ని ఎలా వాడుకోవాలి

రాత్రి ఎనిమిదిన్నరకి మా అబ్బాయి వచ్చి, "అమ్మా, రేపు బడికి చార్ట్ పేపర్ తీసుకెళ్లాలి" అన్నాడు. రెండో తరగతి పిల్లలు చివరి నిమిషంలో అడగడం కొత్తేమీ కాదు. మామూలు రోజైతే "సాయంత్రమే చెప్పాలి కదరా" అని విసుక్కుని, సందు చివర బుక్‌స్టాల్ మూసేలోపు పరుగెత్తేదాన్ని. ఆ రోజు మాత్రం గట్టిగా అరిచాను. వాడికి బాధ్యత లేదన్నాను, నన్ను మనిషిలా చూడరన్నాను. ఏడేళ్ల పిల్లవాడితో అనే మాటలు కావవి. వాడు ఏడవలేదు. "చార్ట్ వద్దులే అమ్మా" అని గదిలోకి వెళ్లి దుప్పటి కప్పుకున్నాడు.

నిజానికి ఆ కోపం ఉదయం పదకొండు గంటలకి ఆఫీసు మీటింగులో పుట్టింది. నెల రోజులు కూర్చుని నేను తయారు చేసిన రిపోర్టును ఇంకొకరు తమ పనిగా చూపించారు. మా మేనేజర్‌కి విషయం తెలుసు, అయినా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నవ్వి బయటికి వచ్చేశాను. అక్కడ మింగిన మాటలన్నీ రాత్రికి ఇంట్లో పిల్లాడి మీద పడ్డాయి.

అత్త మీద కోపం దుత్త మీద అని మనకో సామెత ఉంది. దుత్త అంటే చిన్న మట్టికుండ. అది విన్నప్పుడల్లా మనకి దుత్త మీద జాలి కలుగుతుంది. కానీ కోడలి వైపు నుంచి కూడా చూడండి. ఆమెకి అత్త మీద కోపం రావడానికి ఏదో కారణం ఉండే ఉంటుంది. దుత్త పగిలాక తిట్లు తినేది కోడలే, ఆ కారణం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మరుసటి రోజు ఇంకో దుత్త.

కోపం గురించి మనకి దొరికే సలహాల్లో చాలావరకు దుత్త దగ్గరే ఆగిపోతాయి. అరవకండి, పది అంకెలు లెక్కపెట్టండి, చల్లటి నీళ్లు తాగండి అంటారు. అవి అవసరమే. అయితే అత్తతో ఉన్న సంగతి ఏమైందని కూడా ఎవరో ఒకరు అడగాలి. ఈ రెండూ ఎలా చేయాలో, నేను చదివి తెలుసుకున్నవీ, తప్పులు చేసి నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కోపం దేనికి వస్తుంది

పిల్లల్ని పెట్టుకున్న వీధికుక్కని చూసే ఉంటారు. మామూలుగా తోక ఊపే కుక్కే, ఆ పది రోజులూ దగ్గరికి వెళ్తే గుర్రుమంటుంది. తనది అనుకున్నదానికి ముప్పు వస్తోందని దానికి అనిపిస్తుంది. మన కోపం కూడా మొదట అందుకే పుట్టింది. ముప్పు కనిపించగానే ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి జోరందుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి. పోరాడటానికో పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధమవుతుందని హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించాడు.

మనకి వచ్చే ముప్పులు వేరు. మన మాటని పట్టించుకోకపోవడం, నలుగురిలో చులకన చేయడం, మాట ఇచ్చి తప్పడం, మన కష్టాన్ని ఇంకొకరు తమ ఖాతాలో వేసుకోవడం, కళ్లెదుటే ఎవరికో అన్యాయం జరగడం. ఇవి ఒంటికి దెబ్బ తగిలించవు, అయినా ఒళ్లు అదే పద్ధతిలో సిద్ధమైపోతుంది. కోపం వచ్చిందంటే మీకు ముఖ్యమైనదాన్ని దేన్నో ఎవరో తొక్కారని మీకు అనిపించింది. ఆ అనిపించడం నిజం కావచ్చు, పొరపాటు కావచ్చు. అది తర్వాత తేల్చుకోవచ్చు. కోపం రావడమే తప్పని మాత్రం అనుకోకండి.

ఇంకోటి. కోపం చాలాసార్లు వేరే బాధకి ముసుగు వేసుకుని వస్తుంది. జాతరలో తప్పిపోయిన పిల్లాడు గంట తర్వాత దొరికితే తల్లి మొదట చేసే పని ఏమిటి? వీపు మీద ఒకటి వేస్తుంది. ఆ తర్వాతే గుండెకి హత్తుకుని ఏడుస్తుంది. ఆ దెబ్బలో ఉన్నదంతా భయమే. మీ ఇంట్లో నాన్నగారు రాత్రి ఆలస్యమైతే గుమ్మంలోనే కేకలేసేవారనుకోండి, ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అందులో భయమెంతో మీకే తెలుస్తుంది.

మొదటి పని: ఒంటిని చల్లబరచడం

ఒళ్లు యుద్ధానికి సిద్ధమై ఉన్నప్పుడు బుర్ర న్యాయం చెప్పలేదు. అందుకే ముందు ఒంటి సంగతి చూడాలి.

దానికి మీ గుర్తులు మీకు తెలియాలి. కొందరికి చెవులు వేడెక్కుతాయి, కొందరికి దవడ బిగుసుకుంటుంది, కొందరికి చేతులు వణుకుతాయి. మాటలో కూడా తెలిసిపోతుంది. "మీరు" అని పిలిచే మనిషిని "నువ్వు" అనడం, పేరు పెట్టి పిలిచేవాళ్లు "ఏంటమ్మా", "ఏంటి బాబూ" అని సాగదీయడం, "ఎప్పుడూ ఇంతే" అన్న మాట నోట్లోకి రావడం. నా వరకు నేను గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలుపెడతాను. ఆ చప్పుడు నాకే వినిపించినప్పుడు పని ఆపేయాలని నేర్చుకున్నాను.

ఆ గుర్తు కనిపించగానే అక్కడి నుంచి పక్కకి వెళ్లండి. ఎంతసేపు? భార్యాభర్తల గొడవల మీద దశాబ్దాల పాటు పరిశోధించిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్, గుండె నిమిషానికి 100 సార్లకి మించి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివాళ్ల మాట మన చెవికెక్కదంటాడు. కనీసం 20 నిమిషాల విరామం కావాలంటాడు. పది అంకెలు లెక్కపెట్టడానికి పది సెకన్లు చాలు, ఒళ్లు చల్లబడటానికి అంత తక్కువ సరిపోదు.

చెప్పకుండా లేచి వెళ్లిపోకండి. ఎదుటి మనిషికి అది తలుపు మొహాన వేసినట్టుంటుంది. "నాకు ఇప్పుడు బాగా కోపంగా ఉంది, ఏదో ఒకటి అనేస్తాను. అరగంట ఆగి మాట్లాడుకుందాం" అని చెప్పి వెళ్లండి. అరగంట తర్వాత తప్పకుండా రండి. రాకపోతే మరుసటిసారి మీ మాట ఎవరూ నమ్మరు.

ఆ అరగంటలో ఏం చేయాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. లోపలున్నదంతా కక్కేస్తే పోతుందని మనకో నమ్మకం. దిండుని గుద్దమంటారు, గట్టిగా అరవమంటారు. బ్రాడ్ బుష్‌మన్ అనే పరిశోధకుడు 2002లో దీన్ని పరీక్షించాడు. కాలేజీ విద్యార్థులు రాసిన వ్యాసాల్ని కావాలని ఘోరంగా విమర్శించి కోపం తెప్పించారు. కొందరిని ఆ విమర్శించిన మనిషిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దమన్నారు, కొందరిని ఊరికే కూర్చోమన్నారు. గుద్దినవాళ్లకే కోపం ఎక్కువగా మిగిలింది. 2024లో ఆయనా మరో పరిశోధకురాలూ కలిసి 154 అధ్యయనాల్ని, అంటే పదివేల మందికి పైగా మనుషుల వివరాల్ని ఒకచోట చేర్చి చూశారు. ఒంటి వేగాన్ని తగ్గించే పనులు, అంటే నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, ధ్యానం, కండరాల్ని వదులు చేసుకోవడం లాంటివి కోపాన్ని తగ్గించాయి. వేగాన్ని పెంచే పనులతో మొత్తం మీద ఆ ఫలితం రాలేదు. పరుగు ఆరోగ్యానికి మంచిదే కానీ కోపానికి మందు కాదని తేలింది.

కాబట్టి మొహం కడుక్కోండి. మేడ మీదకి వెళ్లి కూర్చోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరేడు అంకెలు లెక్కపెడుతూ వదలండి. భుజాలు కిందికి దించండి. జరిగినదాన్ని తల్లో మళ్లీ మళ్లీ తిప్పుకోకండి, "నేను అప్పుడిలా అనాల్సింది" అని కొత్త డైలాగులు రాసుకోకండి. ఫోన్ దూరంగా పెట్టండి. కోపంలో ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన మెసేజ్ డిలీట్ చేసేలోపు పిన్ని చూసేస్తుంది. బండి తాళాలు అసలే ముట్టుకోకండి.

మంచాన ఉన్న పెద్దవాళ్ల దగ్గరో, చంటిపిల్లల దగ్గరో ఉన్నప్పుడు బయటికి పోవడం కుదరదు. పిల్లని ఉయ్యాలలోనో చాప మీదో జాగ్రత్తగా పడుకోబెట్టి, అదే గదిలో నాలుగడుగులు దూరం జరగండి. రెండు నిమిషాలు ఏడ్చినా పిల్లకి ఏమీ కాదు. మీరు కుదుటపడ్డాక ఎత్తుకోండి.

రెండో పని: దానికి సరైన పేరు పెట్టడం

ఒళ్లు చల్లబడ్డాక మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న: ఇది ఏ రకం కోపం? 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం ఒక ప్రయోగం చేసింది. కోపంగానో భయంగానో ఉన్న మొహాల ఫొటోలు చూపించి, ఆ భావానికి పేరు చెప్పమంటే, మెదడులో ముప్పుని పసిగట్టే అమిగ్డలా అనే భాగం ఉద్రేకం తగ్గిందని గమనించారు. పేరు పెట్టడం వల్లే కొంత పట్టు దొరుకుతుందన్నమాట.

ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం. మన దగ్గర బోలెడు మాటలున్నాయి, ఒక్కోటి ఒక్కో చోటికి దారి చూపిస్తుంది.

చిరాకు చాలావరకు ఒంటిది. నిద్ర చాలలేదు, అన్నం వేళ దాటిపోయింది, మే నెల ఉక్క, కరెంటు లేదు. దీని గురించి ఎవరితోనూ పంచాయితీ పెట్టక్కర్లేదు. తినండి, పడుకోండి. మా ఇంట్లో సాయంత్రం ఆరింటికి గుప్పెడు వేరుశెనగపప్పు తినడం మొదలుపెట్టాక సగం గొడవలు తగ్గాయి.

విసుగు వేరు. అదే పని, అదే మాట, అదే మనిషి పదోసారి. పనుల పంపకంలో తేడా ఉందని అది చెబుతోంది.

అలకలో ప్రేమ ఉంటుంది. ఎదుటివాళ్లు వచ్చి బతిమాలాలని, తమంతట తామే తెలుసుకోవాలని ఆశ ఉంటుంది. పెళ్లిలో అలకపాన్పు ఎక్కిన అల్లుడికి ఏం కావాలో అడిగేవాళ్లుంటారు. మంగళవారం సాయంత్రం వంటింట్లో అలిగిన మీకు ఎవరూ ఉండకపోవచ్చు. కావాల్సింది నోరు తెరిచి అడగడమే దీనికి దారి.

రోషం ఆత్మగౌరవానికి దెబ్బ తగిలితే వస్తుంది. ఉక్రోషం అంతకంటే కష్టమైనది. అవతలివాళ్లది తప్పని తెలుసు, కానీ మీరు ఏమీ చేయలేరు. కళ్లలో నీళ్లు తిరిగే కోపం అది. మీటింగులో నాకు వచ్చింది ఉక్రోషమని నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. ఏమీ చేయలేనన్న భావన తగ్గితే తప్ప ఆ కోపం తగ్గదు.

అక్కసులో అసూయ కలిసి ఉంటుంది. ఒప్పుకోవడానికి మనసు రాదు, అయినా ఒప్పుకోండి. మీకు లేనిది వాళ్లకి ఉంది, అది మీకూ కావాలి. అంతవరకు తెలిస్తే వాళ్లని తిట్టే పని ఉండదు. కసి, పగ అన్నవి ముదిరిన కోపాలు. న్యాయం జరగడం కంటే ఎదుటివాళ్లు బాధపడటం ముఖ్యమైపోయిందంటే అది కసి. అక్కడికి చేరుకున్నారని తెలిస్తే ఆ రోజు ఏ నిర్ణయమూ తీసుకోకండి.

మూడో పని: కాగితం మీద నాలుగు ముక్కలు

ఒక ఉదాహరణ చెబుతాను, ఇది చాలా ఇళ్లలో ఉన్నదే. అమ్మ ఉండేది చెల్లెలి దగ్గర. అన్నయ్య అమెరికాలోనో, బెంగళూరులోనో ఉంటాడు. ఆదివారం వీడియో కాల్ చేసి, "అమ్మ బక్కగా కనిపిస్తోందేంటి? షుగర్ చెక్ చేయిస్తున్నావా? పళ్లు పెట్టు" అంటాడు. చెల్లెలికి ఒళ్లు మండిపోతుంది. ఫోన్ పెట్టేసి భర్త మీద విసుక్కుంటుంది.

ఆమె కాగితం తీసుకుని ఇలా రాయాలి. ఏం జరిగింది? కెమెరాలో కనిపించేది మాత్రమే: అన్నయ్య రెండు ప్రశ్నలు అడిగాడు, ఒక సలహా ఇచ్చాడు. నేనేం అనుకున్నాను? నేను సరిగ్గా చూసుకోవడం లేదని అంటున్నాడు. దేన్ని కాపాడుకోవాలనుకుంటున్నాను? నా కష్టానికి గుర్తింపు, నా సెలవులు, నా నిద్ర. దీన్ని మార్చగలిగేది ఎవరు? అన్నయ్య. కొంతవరకు నేను.

మొదటి రెండూ వేరువేరుగా రాయడమే ఇందులో అసలు కష్టం. "నన్ను తప్పుపట్టాడు" అనేది జరిగినదాని కింద రాసేస్తాం. దూరంగా ఉన్నవాడి అపరాధ భావం కూడా అలాంటి ప్రశ్నలే అడిగిస్తుంది. రాసి చూసుకుంటే ఆ అవకాశం కనిపిస్తుంది. నాలుగో ప్రశ్నకి జవాబుగా వచ్చిన పేరే మీరు మాట్లాడాల్సిన మనిషి. ఆ పేరు భర్తది కాకపోతే భర్తని వదిలేయండి.

నాలుగో పని: చెప్పాల్సిన మనిషికి చెప్పడం

"అన్నయ్యా, నీకేం, ఫోన్లో ఎన్నైనా చెబుతావు. ఎప్పుడైనా వచ్చి ఒక్కరోజు చేశావా?" అంటే అన్నయ్యకి వినిపించేది నింద. వెంటనే తను పంపిన డబ్బుల లెక్క తీస్తాడు. అక్కడి నుంచి నాన్న పోయినప్పటి సంగతులు, పొలం పంపకం, అన్నీ వస్తాయి.

ఇలా అని చూడండి: "అన్నయ్యా, ఈ నెలలో అమ్మని నాలుగుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాను. నా సెలవులు అయిపోయాయి, రాత్రిళ్లు నిద్ర లేదు. నువ్వు పళ్లు పెట్టమంటే నేను పెట్టడం లేదన్నట్టు అనిపించి చాలా బాధపడ్డాను. వచ్చే నెల రెండు వారాలు నువ్వొచ్చి ఉండు. కుదరకపోతే పగటిపూట మనిషిని పెడదాం, ఖర్చు నువ్వు చూసుకో."

ఇందులో జరిగింది ఉంది, బాధ ఉంది, కావాల్సింది ఉంది. కావాల్సింది అంత స్పష్టంగా ఉండాలి. "కొంచెం పట్టించుకో" అంటే ఎవరికీ ఏం చేయాలో అర్థం కాదు. "ఎప్పుడూ", "అసలు", "మీవాళ్లంతా" అనే మాటలు తీసేయండి. భోజనాల దగ్గర, చుట్టాల ముందు మాట్లాడకండి. ఒక్కసారికి ఒక్క విషయమే.

ఎదుటివాళ్లు మనకంటే బలమైనవాళ్లయితే

పేదవాడి కోపం పెదవికి చేటు అన్నారు. పై అధికారి మీద, ఇంటి ఓనరు మీద, అప్పిచ్చినవాడి మీద వచ్చిన కోపాన్ని చూపిస్తే నష్టం మనకే. ఇది పిరికితనమని నేను అనను. ఉద్యోగం పోతే ఇల్లు గడవని మనిషికి ధైర్యంగా మాట్లాడమని సలహా ఇవ్వడం సులువు.

ఇక్కడ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది నెల్లూరు జిల్లా దూబగుంట. మగవాళ్ల కూలి డబ్బంతా సారాకి పోతుంటే ఆడవాళ్లు ఎన్నేళ్లు ఇళ్లలో ఏడ్చారో, తాగొచ్చిన భర్తతో ఎన్ని రాత్రులు కొట్లాడారో. ఫలితం దెబ్బలే. అక్షరాస్యత తరగతుల్లో కలిసి కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టాక, ఒక్కో ఇంటి గొడవ ఊరందరి గొడవని వాళ్లకి అర్థమైంది. 1992లో రోశమ్మలాంటి మహిళలు ముందు నిలబడి ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. తర్వాత జిల్లాలో సారా వేలం పాటల్ని అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారాని నిషేధించారు. వాళ్ల కోపం మొదటి నుంచీ న్యాయమైనదే. భర్త మీద నుంచి సారా కొట్టు మీదికి, అక్కడి నుంచి వేలం పాట మీదికి మళ్లాకే దానికి బలం వచ్చింది.

మీ విషయం అంత పెద్దది కాకపోవచ్చు. అయినా పద్ధతి అదే. తేదీలు వేసి రాసిపెట్టుకోండి. మీలాగే ఇబ్బంది పడుతున్న ఇంకొకరిని వెతకండి. నోటితో అనలేనిది మర్యాదగా ఈమెయిల్‌లో రాయండి. చేయడానికి ఒక్క చిన్న పని దొరికినా ఉక్రోషం మెత్తబడుతుంది.

సాయం ఎప్పుడు అడగాలి

చేయి లేస్తున్నా, వస్తువులు విసురుతున్నా, మందు తాగిన ప్రతిసారీ గొడవ అవుతున్నా, వారాల తరబడి కారణం లేకుండా కోపం వస్తున్నా ఇంట్లో చిట్కాలతో ఆగకండి. థైరాయిడ్ ఎక్కువైనా, డిప్రెషన్ ఉన్నా కూడా కోపం రూపంలో బయటపడవచ్చు. డాక్టర్‌కి చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. గుండెజబ్బు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త: తీవ్రమైన కోపం వచ్చిన తర్వాత రెండు గంటల్లో గుండెపోటు ముప్పు మామూలు కంటే పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి.

కోపంతో కొట్టే మనిషితో మీరు ఉంటున్నట్టయితే, పైన రాసినవేవీ మీరు చేయాల్సిన పనులు కావు. వాళ్ల కోపాన్ని చల్లార్చే బాధ్యత మీది కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.

దుత్త పగిలిపోతే

ఎంత జాగ్రత్తపడినా ఒకసారి పగులుతుంది. అప్పుడు క్షమాపణ అడగాలి, పిల్లల్ని కూడా. "అరిచాను, నిజమే, కానీ నువ్వు కూడా" అని మొదలుపెడితే అది క్షమాపణ కాదు. "కానీ" తీసేయండి. ఏం తప్పు చేశారో పేరు పెట్టి చెప్పండి, అది వాళ్ల తప్పు కాదని చెప్పండి, అక్కడ ఆపండి. వెంటనే నవ్వాలని, దగ్గరికి రావాలని బలవంతం చేయకండి. వాళ్లకి కొంత సమయం పడుతుంది.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి మా అబ్బాయి మంచం మీద కూర్చుని, "నాన్నా, నేను అరవడం తప్పు. ఆఫీసులో ఒక విషయానికి కోపం వచ్చింది, అది నీ మీద చూపించాను. చార్ట్ అడగడంలో నీ తప్పేమీ లేదు" అన్నాను. దుప్పట్లోంచే అడిగాడు: "ఆఫీసులో వాళ్లకి చెప్పావా మరి?" లేదన్నాను.

చెప్పడానికి నాకు ఇంకో మూడు రోజులు పట్టింది. శుక్రవారం మా మేనేజర్‌ని పది నిమిషాలు టైమ్ అడిగాను. రిపోర్ట్ ఏయే తేదీల్లో తయారు చేశానో కాగితం మీద రాసుకుని వెళ్లాను. తర్వాతి రిపోర్టు నేనే మీటింగులో చూపిస్తానని అడిగాను. మొదటిదాని గురించి ఆయన ఏమీ ఒప్పుకోలేదు, రెండోదానికి సరేనన్నారు. వచ్చేటప్పుడు బుక్‌స్టాల్ దగ్గర ఆగి నాలుగు చార్ట్ పేపర్లు కొని ఇంట్లో బీరువా మీద పెట్టాను.